నాటకాల విగ్గుల పెట్టె: తెనాలి నుంచి ఒక ప్రాజెక్టు డైరీ

పౌరాణిక పద్యనాటక బృందాల్లో విగ్గులు, గడ్డాలు, మీసాల బాధ్యత చూసేవారు ఇలాంటి పెట్టెను తయారు చేసుకోవడానికి గాని, ఇక్కడ విఫలమైన పద్ధతుల జోలికి పోకుండా ఉండడానికి గాని ఈ డైరీ పనికి రావాలి. మా బృందం తెనాలిలో ఉంది. పరిషత్తు పోటీలకూ ఉత్సవాలకూ విజయవాడ తుమ్మలపల్లి కళాక్షేత్రం, విశాఖపట్నం కళాభారతి, హైదరాబాదు రవీంద్రభారతి వంటి వేదికలకు వెళ్ళినప్పుడు మా సామాను కొంత దూరం రైలు బెర్తు కింద, కొంత దూరం అద్దె వ్యాను పైన ప్రయాణిస్తుంది.

పని మొదలుపెట్టినప్పుడు విగ్గు నలగకుండా చూడడం ఒక్కటే లక్ష్యం. కొలతలు తీసుకుంటూ పోయేకొద్దీ తేలినది వేరు. వెళ్ళేటప్పుడు విగ్గులు పొడిగా, దువ్వి, తీరికగా సర్ది ఉంటాయి. ప్రదర్శన ముగిసి రాత్రి పదకొండు దాటాక, చెమటతో తడిసిన విగ్గులను పిన్నులైనా తీయకుండా పెట్టెలో కుక్కి అందరూ వ్యాను ఎక్కేస్తారు. నష్టంలో పెద్ద భాగం ఆ తిరుగు ప్రయాణంలోనే జరుగుతోంది. అందుచేత పెట్టె రూపం తిరుగు ప్రయాణాన్ని బట్టి మారుతూ వచ్చింది.

దశ 1: సరుకును పదార్థాన్ని బట్టి వేరు చేయడం

ఇదివరకు పాత్రల వారీగా మూటలు కట్టేవారు. భీష్ముడి విగ్గు, గడ్డం, మీసం ఒకే సంచిలో ఉండేవి. గ్రీన్‌రూములో వెతుక్కోవడానికి అది సులువే గాని, ఆ మూడింటికీ హాని చేసేవి ఒకటి కావు. కాబట్టి మొత్తం సరుకును బల్ల మీద పరిచి ఇలా విడదీశాము.

1. నిజమైన జుట్టు విగ్గులు 4 (కృష్ణుడు, కర్ణుడు, దుర్యోధనుడు, ద్రౌపది). తేమకు గిరజాలు వీడిపోతాయి, పురుగు తింటుంది, ఎండవేడిని మాత్రం తట్టుకుంటాయి.
2. సింథటిక్ విగ్గులు 5. పురుగు ముట్టదు, తేమ పట్టదు, వేడికి మాత్రం మడత శాశ్వతంగా నిలిచిపోతుంది.
3. జడలబర్రె వెంట్రుకతో చేసిన గడ్డాలు 5. చామరాలకు వాడే వెంట్రుక ఇదే. బిరుసుగా నిలుస్తుంది, తెల్లనిదైతే ప్రతి మరకా కనబడుతుంది, పురుగుకు ఇది కూడా ఇష్టమే.
4. ఋషుల జనపనార జటలు 2. ఇవి తేమను నిజమైన జుట్టు కంటే మొండిగా పట్టి ఉంచుతాయి.

ప్రతి విగ్గునూ వంటింటి డిజిటల్ కాటా మీద తూచి, పొడి బరువును లోపలి పట్టీ మీద చెరగని ఇంకుతో రాశాము. ఆ సమయంలో ఇది చాదస్తంలా కనిపించింది గాని, దశ 5లో మొత్తం లెక్క దీని మీదే నిలిచింది.

దశ 2: పెట్టె కొలతలు

రైలు ప్రయాణికులు బోగీలో తమతో ఉంచుకోగల సామానుకు రైల్వే పెట్టిన పరిమితి 100 సెంటీమీటర్ల పొడవు, 60 వెడల్పు, 25 ఎత్తు. థర్డ్ ఏసీలో అది 55 × 45 × 22.5 మాత్రమే. మేము స్లీపర్‌లోనే వెళతాము కాబట్టి మొదటి కొలతనే బయటి కొలతగా తీసుకున్నాము. స్లీపర్‌లో ఒక్కొక్కరికి ఉచితంగా అనుమతించే బరువు 40 కిలోలు. బరువుకు ఇబ్బంది లేదు. అసలు చిక్కు ఆ 25 సెంటీమీటర్ల ఎత్తుతోనే.

పాత ఇనప ట్రంకును పక్కన పెట్టడానికి కారణాలు రెండు: ఎండలో కాలిపోవడం, మూలల్లో తుప్పు దిగి తెల్ల గడ్డాలకు అంటుకోవడం. కొత్త పెట్టెను 6 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌తో వడ్రంగి చేత కొట్టించాము. మందమైన ప్లైవుడ్ వేస్తే లోపలి ఎత్తు ఇంకా తగ్గుతుంది. 6 మిల్లీమీటర్లకే లోపల 23.8 సెంటీమీటర్లు మిగిలింది. అంచులకు అల్యూమినియం కోణపు పట్టీలు, మూతకు మడతబందులు, రెండు వైపులా పిడులు వేసి, బయట తెల్ల ఎనామెల్ రంగు పూశాము.

ఇప్పటికి బరువు: 9.1 కిలోలు.
ఇప్పటికి ఖర్చు: ప్లైవుడ్ 1,450, ఇనుప సామాను 780, వడ్రంగి కూలి 1,200, రంగు 320. మొత్తం 3,750 రూపాయలు.

దశ 3: తల దిమ్మెలు

మొదటి ఆలోచన థర్మోకోల్ తలలు. తేలికగా ఉంటాయి, టి-పిన్ను సులువుగా దిగుతుంది. కాని మెడతో కలిపి నిలబెడితే మూత పడదు. పక్కకు పడుకోబెడితే ఒకవైపు గిరజాలన్నీ చదునైపోతాయి. మెడను కోసి పొట్టి చేశాక మరో సమస్య బయటపడింది. పురుగు రాకుండా వేసిన కలరా ఉండలు తగిలిన చోటల్లా థర్మోకోల్ మెత్తబడి గుంటలు పడింది. కలరా ఉండల్లోని నాఫ్తలీన్ థర్మోకోల్‌ను కరిగిస్తుంది. విగ్గు లోపలి నెట్‌కు ఆ జిగురు అంటుకుని, పిన్నుతో గీకి తీయవలసి వచ్చింది.

తర్వాత కాగితపు గుజ్జుతో, నుదుటి గీత పైభాగం మాత్రమే ఉండే దిమ్మెలు పోతపోశాము. ఎత్తు 12 సెంటీమీటర్లు, ఆకారం చక్కగా కుదిరింది. కాని మైదా జిగురు వాడినందువల్ల గ్రీన్‌రూముల్లోని బొద్దింకలు, వెండిపురుగులు వాటి కోసమే పెట్టెలో చేరాయి. మైదాలో మైలుతుత్తం కలిపే పాత పద్ధతి ఉంది. అయితే నటుడి నుదుటికి తగిలే వస్తువు దగ్గర ఆ విషాన్ని వాడడం మాకు నచ్చలేదు. ఫెవికాల్‌తో చేసిన రెండో రకానికి పురుగు పట్టలేదు గాని, తడి విగ్గు పెట్టిన రాత్రి దిమ్మె కూడా తడిసి మెత్తబడింది. మూసి ఉన్న దిమ్మె ఏదైనా సరే విగ్గు లోపలి వైపును ఆరనివ్వదని ఇక్కడ స్పష్టమైంది.

చివరకు నిలిచినది బియ్యం కడిగే ప్లాస్టిక్ చిల్లుల గిన్నె. 18 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న గిన్నె చుట్టుకొలత 56.5 సెంటీమీటర్లు అవుతుంది. మా నటుల తలల చుట్టుకొలత 55 నుంచి 58 మధ్య ఉంది. లోతు 9 సెంటీమీటర్లు. బోర్లిస్తే తలలా నిలుస్తుంది, ఒంటినిండా చిల్లులు ఉంటాయి. తల కోలగా ఉంటుంది, గిన్నె గుండ్రంగా ఉంటుంది కాబట్టి నుదుటి వైపు, వెనకవైపు ఒక సెంటీమీటరు మందం ఫోము పట్టీ అంటించి ఆ తేడాను పూడ్చాము. కొనేటప్పుడు టేపు తీసుకెళ్ళి అంచును కొలవండి. పైన రాసే సైజు తరచుగా బయటికి పొడుచుకొచ్చిన చెవులతో కలిపిన కొలత.

గిన్నె చుట్టూ జుట్టుకు నాలుగైదు సెంటీమీటర్లు వదిలితే ఒక్కో విగ్గుకు సుమారు 28 సెంటీమీటర్ల చోటు కావాలి. పెట్టెను పొడవున మూడు, వెడల్పున రెండు గళ్ళుగా విడగొడితే 33 × 29 గళ్ళు ఆరు వచ్చాయి. అడ్డుగోడలకు ఫ్లెక్సీ షాపుల్లో దొరికే సన్‌ప్యాక్ షీటు (లోపల బోలుగా ఉండే తేలికైన ప్లాస్టిక్ అట్ట) వాడాము. నాలుగు నిజమైన జుట్టు విగ్గులు, రెండు గుబురు సింథటిక్ విగ్గులు వీటిలో కూర్చున్నాయి. మిగిలిన మూడు సింథటిక్ విగ్గులకు దిమ్మె అక్కర్లేదు:

1. విగ్గు లోపల టిష్యూ కాగితం ఉండ పెట్టాలి.
2. ముందు లేసు అంచును (వెంట్రుకలు ముడివేసి ఉండే, చర్మానికి అంటించే సన్నని వలను) లోపలికి తిప్పకుండా, దాని మీద విడిగా ఒక కాగితం వేయాలి.
3. ఒక చెవి పట్టీ మరో చెవి పట్టీ మీదికి వచ్చేలా నిలువుగా మడవాలి.
4. జుట్టు చివరలను వలలో చేర్చి, వదులుగా గుడ్డసంచిలో వేయాలి.

ద్రౌపది విగ్గు జుట్టు 80 సెంటీమీటర్లు ఉంటుంది. విరబోసిన జుట్టునే వేదిక మీద చూపించాలి గాని, అలాగే సర్దితే గిన్నె చిల్లుల్లో చిక్కుకుంటుంది. రెండు వదులు జడలు అల్లి, గిన్నె చుట్టూ తిప్పి, పైన వల వేస్తున్నాము. అల్లిక బిగిస్తే మర్నాటికి జుట్టు అలలు తిరిగి కనిపిస్తుంది.

ఇప్పటికి బరువు: 10.0 కిలోలు.
ఇప్పటికి ఖర్చు: గిన్నెలు 360, షీటు 240 కలిపి 4,350 రూపాయలు.

దశ 4: గడ్డాలు, మీసాలు

గడ్డాన్ని చదునుగా పరిస్తే గవద దగ్గర లేసు మడత పడి, ముఖానికి అంటించినప్పుడు అక్కడే లేస్తుంది. 110 మిల్లీమీటర్ల పీవీసీ పైపును నిలువునా రెండుగా కోసి దాని మీద వేశాము. వంపు కుదిరింది గాని, 5.5 సెంటీమీటర్ల ఎత్తు వల్ల, విగ్గుల పైన వచ్చే గడ్డాల ట్రే పైకి లేచి మూత గడియ పడలేదు. అదే పైపును మూడుగా కోస్తే ఎత్తు 2.75 సెంటీమీటర్లకు దిగింది. గవద భాగం వంపు మీద, చెంపల భాగాలు ఇరువైపులా చదునుగా కూర్చుంటాయి. ముక్కలకు 6 మిల్లీమీటర్ల చిల్లులు వేసి, కోసిన అంచులను గరుకు కాగితంతో నున్న చేయాలి. లేకపోతే లేసు తెగుతుంది.

ఎత్తు లెక్క సెంటీమీటర్లలో ఇలా తేలింది: అడుగు ఖాళీ (గాలి కోసం, వివరం దశ 5లో) 2.5, గిన్నె 9, జుట్టు 4, ట్రే 0.5, పైపు ముక్క 2.75, గడ్డం మందం 2.5. మొత్తం 21.25. మూత కింద 2.5 సెంటీమీటర్లు మిగిలింది.

గడ్డాల మధ్య వార్తాపత్రిక కాగితం పెట్టడం అందరూ చేసే పనే. తేమ తగిలితే ఆ సిరా దిగుతుంది. భీష్ముడి తెల్లగడ్డం ఒక ప్రయాణంలోనే బూడిదరంగుకు తిరిగింది, షాంపూతో కడిగినా అంచులు తెల్లబడలేదు. ఇప్పుడు తెల్ల టిష్యూ కాగితం గాని, ఉతికిన పాత పంచె గుడ్డ గాని మాత్రమే వాడుతున్నాము. మీసాలు బటర్ పేపరు మీద అంటించి సబ్బు పెట్టెల్లో వేస్తే చాలు.

ఇప్పటికి బరువు: 10.9 కిలోలు.
ఇప్పటికి ఖర్చు: పైపు 150, ఫోము, గుడ్డ 300 కలిపి 4,800 రూపాయలు.

దశ 5: తేమ

మనిషి వెంట్రుక తేమకు ఎంత లోబడుతుందంటే, 18వ శతాబ్దంలో జెనీవా శాస్త్రవేత్త సొస్యూర్ గాలిలోని తేమను కొలిచే పరికరాన్ని దానితోనే చేశాడు. బాగా తేమగా ఉన్న గాలిలో వెంట్రుక తన బరువులో దాదాపు 30 శాతం దాకా నీటిని పీల్చుకోగలదు. తడిపి చుట్టి ఆరబెట్టిన గిరజాలు ఆ తేమతోనే వీడిపోతాయి. కర్నూలులో రెండో అంకం దాకా నిలిచిన కృష్ణుడి గిరజాలు విశాఖలో నాంది ముగియకముందే సాగిపోవడానికి కారణం ఇదే. వెళ్ళేటప్పుడు పెట్టెను బిగుతుగా మూసి, 100 గ్రాముల సిలికా జెల్ సంచులు నాలుగు వేస్తే లోపలి తేమ మీటరు 45, 50 శాతం మధ్య నిలిచింది. వెళ్ళే ప్రయాణానికి ఇది సరిపోయింది.

అదే పద్ధతి తిరుగు ప్రయాణంలో ఎందుకు పనిచేయలేదో కాటా చెప్పింది. కృష్ణుడి విగ్గు బరువు ఇలా మారింది.

పొడిగా: 214 గ్రాములు.
ప్రదర్శన తర్వాత, కిరీటం తీసిన వెంటనే: 251.
అరగంట ఉత్త గాలికి ఉంచాక: 243.

అంటే ఒక్క విగ్గులో 37 గ్రాముల చెమట ఉంది. ఆరు విగ్గులకు సుమారు 220 గ్రాములు. సిలికా జెల్ మామూలుగా తన బరువులో సుమారు మూడో వంతు నీటినే పీలుస్తుంది కాబట్టి, 400 గ్రాముల జెల్ 130 గ్రాముల దగ్గర చేతులెత్తేస్తుంది. జెల్‌ను రెట్టింపు చేసినా రాత్రంతా తడి విగ్గులు మూసిన పెట్టెలోనే ఉంటాయి. తెల్లారేసరికి మీటరు 90 దాటి, లోపలి నూలు పట్టీలకు ముక్కవాసన పట్టింది. నీటిని పెట్టెలో దాచడం కుదరని పని. దాన్ని బయటికి పంపాలి.

దానికోసం చేసిన మార్పులు ఇవి.

1. అడుగు నుంచి 2.5 సెంటీమీటర్ల ఎత్తులో సన్‌ప్యాక్ షీటుతో రెండో అడుగు వేసి, ప్రతి గిన్నె కింద 6 సెంటీమీటర్ల రంధ్రం తీశాము.
2. ఆ ఖాళీలోకి గాలి తోయడానికి మొదట 8 సెంటీమీటర్ల కంప్యూటరు ఫ్యాను పక్కగోడకు బిగించాము. ఫ్యాను ఎత్తు, ఖాళీ ఎత్తు పొంతన లేక గాలిలో ఎక్కువ భాగం పక్కలకే పోయింది. దాన్ని తీసి, త్రీడీ ప్రింటర్లలో వాడే 5 వోల్టుల చిన్న బ్లోయర్లు రెండు పెట్టాము. వాటి మందం 1.5 సెంటీమీటర్లే కాబట్టి అడుగు ఖాళీలో పడుకుంటాయి.
3. పక్కగోడల పైభాగంలో 5 సెంటీమీటర్ల కిటికీలు నాలుగు తీసి, దోమల వల అంటించి, జారుడు తలుపులు పెట్టాము. బ్లోయర్ల ఎదురుగా కింద మరొకటి.
4. విద్యుత్తుకు 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు. రెండు బ్లోయర్లూ ఎనిమిది గంటలకు పైగా తిరిగాయి.

బ్లోయర్లు పెట్టాక అదే విగ్గు గంటకు 229 గ్రాములకు, రెండు గంటలకు 218 గ్రాములకు దిగింది. పొడి బరువు కంటే 5 గ్రాములకు మించి ఎక్కువ ఉంటే కిటికీలు మూయకూడదన్నది ఇప్పుడు మా నియమం. వెళ్ళేటప్పుడు కిటికీలు మూసి జెల్ లోపల ఉంచాలి. వచ్చేటప్పుడు కిటికీలు తెరిచి జెల్‌ను గాలి చొరబడని డబ్బాలోకి తీసేయాలి. తీయకపోతే వ్యాను గాలిలోని తేమంతా పీల్చుకుని మళ్ళీ ప్రయాణానికి పనికిరాకుండా పోతుంది. తేమ పట్టి రంగు మారిన జెల్‌ను 120 డిగ్రీల దగ్గర ఓవెన్‌లో రెండు గంటలు వేడి చేస్తే తిరిగి పనిచేస్తుంది.

పెట్టెలో పెట్టే ముందు అంచును శుభ్రం చేయకపోతే ఈ గాలి ఏర్పాటంతా వృథా. విగ్గునూ గడ్డాన్నీ చర్మానికి అంటించే జిగురైన స్పిరిట్ గమ్ ఎండితే పక్క వెంట్రుకలనూ లేసునూ కలిపి అట్ట కట్టిస్తుంది.

1. సర్జికల్ స్పిరిట్ తడిపిన కుంచెను నుదుటి అంచు వెంబడి నడిపి, లేసు దానంతటది వదిలేదాకా ఆగాలి. లాగకూడదు.
2. లేసును తువాలు మీద బోర్లించి, స్పిరిట్‌లో ముంచిన పాత టూత్‌బ్రష్‌తో పైనుంచి తట్టాలి. రుద్దితే వెంట్రుకల ముడులు ఊడతాయి.
3. పిన్నులన్నీ తీసి లెక్కపెట్టాలి. గిరజాల్లో ఉండిపోయిన యు-పిన్ను తుప్పు మరకే గాక చిరుగు కూడా చేస్తుంది.
4. గిన్నె మీద బిగించి, బ్లోయర్లు వేయాలి.

స్పిరిట్, స్పిరిట్ గమ్ మండే ద్రవాలు. ప్రమాదకర వస్తువులను చట్టవిరుద్ధంగా రైల్లో తీసుకెళ్ళినవారికి రైల్వే చట్టం, 1989లోని 164వ సెక్షను కింద మూడేళ్ళ దాకా జైలుశిక్ష పడవచ్చు. సర్జికల్ స్పిరిట్ ఏ ఊళ్ళోనైనా మందుల షాపులో దొరుకుతుంది, అక్కడే కొంటున్నాము. గమ్ సీసాలు మేకప్ సామానుతో పాటు రోడ్డు మీదే వెళతాయి, ఈ పెట్టెలోకి రావు.

ఇప్పటికి బరువు: 11.8 కిలోలు. విగ్గులు, గడ్డాలు నింపాక 13.5 కిలోలు.
ఇప్పటికి ఖర్చు: జెల్ 260, బ్లోయర్లు 360, తేమ మీటరు 350 కలిపి 5,770 రూపాయలు. పవర్ బ్యాంకు పాతదే.

దశ 6: వేడి

గరిష్ఠ ఉష్ణోగ్రతను గుర్తుపెట్టుకునే థర్మామీటరును పెట్టెలో ఉంచి, మే నెల ఎండలో వ్యాను కప్పు మీద మధ్యాహ్నమంతా వదిలాము. పాత ఇనప ట్రంకులో 61 డిగ్రీలు, తెల్లరంగు వేసిన ప్లైవుడ్ పెట్టెలో 47 డిగ్రీలు నమోదయ్యాయి. మామూలు సింథటిక్ జుట్టును 70 డిగ్రీల నీటిలో ముంచి కొత్త వంపు తిప్పవచ్చు. అంటే 61 డిగ్రీల వేడిలో బరువు కింద గంటల తరబడి నలిగిన జుట్టుకు ఆ నలుగుడే రూపంగా స్థిరపడడంలో వింత లేదు. మా మేకప్ మాస్టారు ఈ అంకెలు చూసి, "అంత లెక్కలెందుకు నాయనా, వ్యాను మీద వేయకుండా కాళ్ళ దగ్గర పెట్టుకోరాదూ" అన్నారు. కాళ్ళ దగ్గర చోటు ఉంటే అదే సరైన పరిష్కారం.

వంకర తిరిగిన సింథటిక్ విగ్గును అదే వేడితో బాగుచేయవచ్చు. 70 డిగ్రీల నీటిలో కొద్ది సెకన్లు ముంచి, కావలసిన రూపంలో వల కట్టి, పూర్తిగా చల్లారాకే విప్పాలి. ముందుగా వెనకభాగంలోని ఒక పాయ మీద పరీక్షించాలి. చివరలు కాలి జిబ్బుగా మారిన జుట్టు మాత్రం బాగుపడదు, కత్తిరించడమే.

దశ 7: పురుగు

కలరా ఉండలను పూర్తిగా మానేశాము. థర్మోకోల్ సంగతి పక్కన పెట్టినా, వేదిక దీపాల వేడికి ఆ వాసన నటుడి ముక్కులోకి దిగి పద్యం ఎత్తుకోనివ్వదు. ఇప్పుడు ఖాళీ రోజుల్లో నిజమైన జుట్టు, జడలబర్రె సరుకును గాలి పోని కవర్లలో మూసి, మైనస్ 18 డిగ్రీల ఫ్రీజరులో రెండు వారాలు ఉంచుతున్నాము. బయటికి తీశాక కవరును ఒక పూట అలాగే వదిలి, గది వేడికి వచ్చిన తర్వాతే విప్పాలి. వెంటనే విప్పితే చల్లని వెంట్రుక మీద గాలిలోని తేమ నీరై చేరుతుంది. విగ్గు పూర్తిగా ఆరకుండా ఫ్రీజరులో పెట్టకూడదని వేరే చెప్పనక్కర్లేదు.

విమానం సంగతి

అమెరికాలో తెలుగు సంఘాల వేడుకలకు వెళ్ళే బృందాలకు ఈ పెట్టె పనికిరాదు. చేతిసంచిలో పట్టే రెండు గిన్నెల చిన్న పెట్టె చేసుకుని ముఖ్యపాత్రల విగ్గులు దగ్గర ఉంచుకోవడం మంచిది. పవర్ బ్యాంకు చేతిసంచిలోనే ఉండాలి, చెక్-ఇన్ సామానులో వేయనివ్వరు. స్పిరిట్ గమ్ రెండింటిలోనూ వద్దు.

మిగిలిన పని

జనపనార జటలు ఇంకా లొంగలేదు. ఒక్కొక్కటి పొడిగా 390 గ్రాములు. లావుపాటి పేట లోపలికి బ్లోయరు గాలి చొరబడక, రెండు గంటల తర్వాత కూడా 31 గ్రాములు ఎక్కువే తూగుతోంది. పేటల నడుమ సన్నని చిల్లుల గొట్టం దూర్చి లోపలి నుంచి గాలి పంపే ఏర్పాటు సగంలో ఉంది. గొట్టం వల్ల జట బిరుసెక్కి నటుడి మెడ మీద సరిగా వాలడం లేదు. అది కుదిరేదాకా జటలు పెట్టె బయట, గుడ్డసంచిలో వ్యాను కిటికీ పక్కన వేలాడుతూ వస్తున్నాయి.